సెట్టిగారి లారీకి కరెంటు ఫ్యాన్లు కట్టిన సంగతి

రాండి, ఇట్ల నా పక్కకొచ్చి కూచోండి. దూరం కూచుంటే సగమే వినపడుతుంది. ముప్పై ఎనిమిదేండ్లు ఇంజిన్ల మోతలో అరిచి అరిచి నా గొంతు అరిగిపోయింది. సగం విని షెడ్డు పెట్టినోళ్లను నేను చానామందిని చూసినా. వాళ్ల కాడికి పోయిన బండ్లన్నీ మళ్లా నా కాడికే వచ్చేవి. కాబట్టి దగ్గరికి జరగండి. చేతిలో ఫోనుంటే బోర్లా పెట్టండి. ఈ కతలో ఫోను చేసిన పాపం కూడా కొంత ఉంది.

నన్ను దస్తగిరి మేస్త్రీ అంటారు. మార్కాపురంలో కంభం రోడ్డు పక్కన నాకు లారీ షెడ్డు ఉండేది. మూడో తరగతిలో బడి మానేసినా. అక్షరాలు కూడబలుక్కుని చదువుతా, అంతకన్నా కష్టపడి రాస్తా. మోకాళ్లు వంగమని మొండికేసినాక షెడ్డు మూసినా. ఇప్పుడు కొత్తగా పానా పట్టిన పిల్లలొచ్చి, తాతా, పనిలో ముఖ్యమైంది ఏంది అని అడుగుతా ఉంటారు. ఇంజిన్ విప్పేది, బిగించేది ఎవరైనా నేర్పుతారు. నేను చెప్పేది వేరే. నా చేతిలో చెడిపోయిన పని ఒకటి చెప్తా. బాగుపడిన పనులు చెప్పుకుంటే నాకు మురిపెమే గానీ, మీకేం లాభం?

ఇనుప ఫ్యాను గుణం

లారీ ముందర రేడియేటరు ఉంటుంది, అందులో నీళ్లు తిరుగుతాయి. దాని వెనక ఫ్యాను. పాత లారీల్లో ఆ ఫ్యానును ఇంజినే తిప్పుతుంది. ఇంజిన్ తిరిగితే అదీ తిరుగుతుంది, ఆగితే అదీ ఆగుతుంది. ముందు నుంచి గాలి గుంజి రేడియేటరు గుండా ఇంజిన్ మీదికి తోస్తుంది. దానికి స్విచ్చి లేదు, తీగ లేదు, సొంత బుద్ధి అసలే లేదు. అందుకే అది అంత నమ్మకస్తురాలు. మా వృత్తిలో సొంత బుద్ధి ఉన్న సామానుతోనే చిక్కంతా.

ఇంకొక మాట. మాది పలకల ఊరు. రాయి కోసే మిషన్ల కాడ లేచే బూడిదరంగు దుమ్ము మా అన్నంలో ఉంటుంది, చొక్కాలో ఉంటుంది, రేడియేటరు సందుల్లో అయితే జొన్నపిండి మెత్తినట్టు మెత్తుకుపోతుంది. ఆ దుమ్మును ముందు నుంచి కొడితే ఇంకా లోపలికి పోతుంది. అందుకని మేము వెనక నుంచి ముందుకు గాలి కొట్టి ఊడగొడతాం. ఇది గుర్తు పెట్టుకోండి. నా తెలివి మొలిచిందీ, నా పరువు పోయిందీ ఇక్కడే.

ఫోన్లో గురువు

రంగయ్య సెట్టిగారికి పలకల ఫ్యాక్టరీ, మూడు లారీలు. మంచి మనిషే. అయితే ఎవరు ఏది కొత్తగా చెప్పినా నమ్ముతాడు, పాతది ఎవరు చెప్పినా నమ్మడు. ఒకనాడు పొద్దున్నే ఫోను నా ముక్కు కాడికి తెచ్చిపెట్టినాడు. అందులో ఎవరో టోపీ పెట్టుకున్నాయన, ఊరూ పేరూ లేదు, ఒక లారీ ఇనుప ఫ్యాను పీకి పారేసి, రెండు కరెంటు ఫ్యాన్లు బిగించి, చేతులు దులుపుకుంటా ఉండాడు. ఫ్యాను తిప్పడానికి ఇంజిన్ బలమంతా పోతుందంట. అది తీసేస్తే డీజిలు మిగులుతుందంట, బండి గుర్రం మాదిరి లేస్తుందంట.

అందులో నిజం లేకపోలేదు. ఇంజిన్ ఫ్యాను కొంత బలం తింటుంది. చల్లని పొద్దున కూడా అవసరం లేకున్నా తిరుగుతానే ఉంటుంది. అదే నేను సెట్టిగారికి చెప్పినా. తింటే తిన్నది గానీ, దిగువమెట్ట కొండ ఘాటులో పది టన్నుల రాయి మోసుకొని మొదటి గేరులో పాకేటప్పుడు మనల్ని కాపాడేది ఆ తిండిబోతే అని. ఆ టోపీ ఆయన లారీ ఖాళీగా ఉంది, రోడ్డు సాపుగా ఉంది, వెనకాల కొండ లేదు, అది చూసినారా అని అడిగినా.

సెట్టిగారు నవ్వి, "నీకు చేతకాదని చెప్పు మేస్త్రీ, ఒంగోలు తీసుకపోతా" అన్నాడు.

అంతే. ఒంగోలు అనే మాట నా ఒంటి మీద నిప్పు పడినట్టు పడింది. మంచి మేస్త్రీని చెడగొట్టాలంటే పెద్ద కష్టమేం లేదు, పక్క ఊరి మేస్త్రీ పేరు చెబితే చాలు. అప్పటిదాకా కూడదన్న నోటితోనే, మీ ఇష్టం సెట్టిగారూ, నాలుగు రోజులు టైమియ్యండి అన్నా.

నా తెలివి

పాత సామాన్ల అంగట్లో ఒక ఏసీ బస్సు ఫ్యాన్లు రెండు దొరికినాయి. ఇరవై నాలుగు ఓల్టులవి, మన లారీ బ్యాటరీకి సరిపోయేవి. రేడియేటరు వెనక ఇనుప పట్టీలు వేసి బిగించినా. ఇంతవరకు ఎవరైనా చేస్తారు. అక్కడ ఆగుంటే ఈ కత లేదు.

ఈ ఫ్యాన్లకు తీగలు అటూ ఇటూ మారిస్తే అవి తిరగబడి తిరుగుతాయి. ముందు నుంచి వెనక్కి గుంజేది పోయి, వెనక నుంచి ముందుకు ఊదుతాయి. నాకు పలకల దుమ్ము గుర్తుకొచ్చింది. డ్రైవరు సీట్లో కూచోనే దుమ్ము ఊడగొట్టుకునే యవ్వారం పెడితే? పైకి నొక్కితే మామూలు గాలి, కిందికి నొక్కితే దుమ్ము గాలి, నడిమిన పెడితే ఆగుతుంది. అట్లాంటి స్విచ్చి ఒకటి పెట్టినా. ఆ టోపీ ఆయన తాత కూడా కనిపెట్టలేనిది కనిపెట్టినానని, ఆ రెండు రోజులు నా నడకే మారిపోయింది. మా ఇంటామె ఖాసింబీ, నడుం పట్టేసిందా అని అడిగింది.

స్విచ్చి కింద ఏదెటో రాద్దామనుకున్నా. అందరి ముందర నా కోడిగీతలు రాయడం సిగ్గనిపించింది. నోటితో చెబితే సరిపోదా అని వదిలేసినా. తీగలు కూడా రంగు రంగులవి తేకుండా, షెడ్లో మిగిలిన ఎర్ర తీగ చుట్ట ఒకటే ఉంటే అన్నింటికీ అదే వాడినా. ఏ తీగ ఎక్కడిదో నాకు తెలుసు గదా అని.

బండి డ్రైవరు ఏసోబు. యర్రగొండపాలెం పక్క పల్లె పిల్లోడు. పిల్లోడంటే ముప్పై దాటినాయి, ఇద్దరు బిడ్డలు. వాళ్ల నాయన కూలికి పోయి పెంచినాడు. ఆ ఇంట్లో స్టీరింగు పట్టిన మొదటి మనిషి ఇతడే. నన్ను మామా అంటాడు, నేను అల్లుడా అంటా. చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి, మన పనిలో అట్లాంటోళ్లు అరుదు. అతన్ని కూచోబెట్టి మూడుసార్లు చెప్పినా. పైకి మామూలు, కిందికి దుమ్ము. లోడు ఎత్తేముందూ, కొండ ఎక్కేముందూ ఒక నిమిషం దుమ్ము కొట్టు, తర్వాత పైకి పెట్టు, బండి ఆపినా ఫ్యాను ఆపొద్దు. అతను మూడుసార్లూ తలూపి, నాలుగోసారి తనే నాకు అప్పజెప్పినాడు.

మొదటి రోజు ఫ్యాక్టరీ కాడ సెట్టిగారు నలుగురిని పిలిచి, తెల్ల పంచె కట్టుకొని వచ్చి, బండి ముందర ఫోటోకు నిలబడినట్టు నిలబడినాడు. కొంచెం పక్కకు రాండి అన్నా. నా బండి ముందర నేను నిలబడకూడదా అన్నాడు. ఏసోబు నా వైపు చూసినాడు, నేను తలూపినా, అతను కిందికి నొక్కినాడు. ఆరు నెలల దుమ్ము ఒక్క ఊపున వచ్చింది. దుమ్ము అణిగినాక సెట్టిగారు నిలబడే ఉండాడు గానీ, మనిషికీ పలకకూ తేడా తెలియలేదు. ఆయన ముఖం మీద సుద్దముక్కతో రాసుకోవచ్చు. అయినా నవ్వి, భలే పని చేస్తుంది మేస్త్రీ అన్నాడు. సొంత లారీ దుమ్ము కదా, తియ్యగా ఉండి ఉంటుంది.

బండి ఖాళీగా పెట్టి, పొద్దున చల్లపూట, తర్లుపాడు దాకా పోయొచ్చినాం. ఇంజిన్ వేడి చూపించే ముల్లు కదల్లేదు. నేనేమో దేశాన్ని జయించినట్టు వచ్చినా. ఎండలో చూడలేదు, లోడుతో చూడలేదు, కొండ ఎక్కుడు మీద చూడలేదు. టోపీ ఆయన్ను వెక్కిరించినోణ్ణి, ఆయన చేసిందే చేసినా. నాకు టోపీ ఒక్కటే తక్కువ.

పది నిమిషాల పని

రెండు వారాలు బాగానే నడిచింది. తర్వాత స్విచ్చి కరిగింది. అన్ని ఆంపియర్లకు అది చాలదు, చౌకదని పెట్టినా. ఏసోబు ఫోను చేస్తే ఫ్యాక్టరీ గేటు కాడికి పోయినా. లోడు ఎత్తి ఉంది, కురిచేడు పోవాల, సెట్టిగారు గడియారం చూస్తా నిలబడినాడు. పది నిమిషాల్లో పాతది పీకి కొత్తది పెట్టినా. తీగలన్నీ ఎర్రవే. ఏది ఎక్కడిదో నాకు తెలుసు గదా.

పైకి నొక్కి చూడు అల్లుడా అన్నా. ఫ్యాన్లు తిరిగినాయి. ముందరికొచ్చి రేడియేటరు ముందరి జాలీ కాడ చెయ్యి పెట్టినా. గాలి చల్లగా, జోరుగా అరచేతికి కొట్టింది. సరిపోయింది పో అన్నా.

పిల్లలూ, ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఫ్యాను గాలిని ముందు నుంచి లోపలికి గుంజాల. సరిగా కట్టుంటే జాలీ కాడ నా చేతికి గాలి కొట్టకూడదు. చెయ్యి లోపలికి లాగినట్టు ఉండాల. అంత జోరుగా గాలి తగిలిందంటేనే తీగలు తారుమారైనాయని అర్థం. తప్పు నా అరచేతిలోకి వచ్చి ఊదింది. నేను దానికి బాగుందని చెప్పి ఇంటికి పోయినా. జాలీ మీద ఒక కాయితం పెట్టి చూసేది మా పనిలో మొదటి రోజు నేర్పే పాఠం. అంటుకుంటే సరి, ఎగిరిపోతే తప్పు. ఆ పాఠం నేనే నలభై మందికి చెప్పి ఉంటా. ఆ రోజు నా జేబులో బీడీ కట్ట కాయితం కూడా ఉండింది.

కురిచేడు, దర్శి, మళ్లా కురిచేడు. సాపు రోడ్డు మీద బండి పరిగెడతా ఉంటే ఎదురుగాలే రేడియేటరును చల్లారుస్తుంది, ఫ్యాను ఎటు తిరిగినా పెద్దగా తెలియదు. అయినా ఏసోబుకు తెలిసింది. మామా, ముల్లు మునుపటి కన్నా కొంచెం పైన తిరుగుతా ఉంది అని వచ్చి చెప్పినాడు. నేను చూడకుండానే, కొత్త సామాను అల్లుడా, ఇనుప ఫ్యాను మోత లేదు గాబట్టి నీకు భయంగా ఉంది అని చెప్పి పంపించినా. డ్రైవరు చెవినీ కంటినీ నమ్మని మేస్త్రీ సామాన్లు అమ్ముకొని మేకలు కాసుకోవాల. ఆ మాట ఇప్పుడు అంటున్నా. అప్పుడనలేదు.

ఎక్కుడు

అయిదో రోజు నంద్యాలకు లోడు. గిద్దలూరు దాటి దిగువమెట్ట కాడ నల్లమల ఎక్కుడు మొదలైతుంది. మిట్టమధ్యాహ్నం, వెనక నుంచి వేడి గాలి. ఏసోబు నేను చెప్పినట్టే కిందికి నొక్కి ఒక నిమిషం పెట్టి, పైకి నొక్కి ఎక్కినాడు. ఆ ఒక్క నిమిషమే ఫ్యాన్లు సరిగా తిరిగినాయి. మిగతా దోవంతా ఇంజిన్ వేడినే పట్టుకొని రేడియేటరు మీదికి ఊదినాయి.

ముల్లు లేచింది. అతను ఒకచోట ఆపి నీళ్లు పోసినాడు, ఆగినంతసేపూ ఫ్యాను తిప్పినాడు. మళ్లా ఎక్కితే మలుపులో లేచింది. అక్కడ ఆపడానికి చోటు లేదు, వెనక రెండు బస్సులు. మలుపు దాటేలోపల పొగ లేచింది, ఇంజిన్ పట్టేసి బిగుసుకుపోయింది. ఇంకో లారీకి గొలుసు కట్టి, లాగి, రెండో రోజుకు నా షెడ్డు ముందర తెచ్చిపెట్టినారు.

సెట్టిగారు బండి కన్నా ముందే వచ్చినాడు. తన ఫోను తప్పు చెప్పదు, మేస్త్రీ పని అందరూ చూసినారు, ఇంక మిగిలింది డ్రైవరు. సౌండు బాక్సుకు కరెంటు చాలదని ఫ్యాను ఆపి పాటలు పెట్టుకున్నాడని ఆయన లెక్క.

"ఏమిరా, నువ్వు పాటలు వింటా ఉంటే ఇంజినుకు ఏసుప్రభువు వచ్చి విసనకర్ర ఊపుతాడా?" అన్నాడు.

"ఆదివారం తప్ప పాటలు పెట్టను సెట్టిగారూ. నిన్న బుధవారం" అన్నాడు ఏసోబు.

మా కాడ ఒక పద్ధతి ఉంది. ఇంజిన్ పోయినప్పుడు ఓనరు ఒకటంటాడు, డ్రైవరు ఒకటంటాడు. అప్పుడు మేస్త్రీ విప్పి చూసి తప్పు ఎవరిదో చెప్పాల. ఇద్దరూ ఆ మాటకు కట్టుబడతారు. పోలీసులు లేరు, కాయితాలు లేవు. డ్రైవరుదే తప్పని మేస్త్రీ అన్నాడా, ఇంజిన్ తిన్నోడు అనే పేరు పడుతుంది. మార్కాపురం నుంచి గిద్దలూరు దాకా ఏ ఓనరూ అతని చేతికి తాళం ఇయ్యడు. ఏసోబు మళ్లా వాళ్ల నాయన మాదిరి మిరప కోతలకు పోవాల్సిందే. రేపు పొద్దున చెబుతానని చెప్పి అందరినీ పంపించినా.

రెండు తీగలు

వాళ్లు పోయినాక ఒక్కణ్ణే బండి కాడ ఉండి స్విచ్చి నొక్కినా. బ్యాటరీ బాగుంది, ఫ్యాన్లు తిరిగినాయి. ఈసారి కాయితం పెట్టినా. ఎగిరిపోయింది. ఇంకొకటి పెట్టినా, అదీ పోయింది. స్విచ్చి విప్పి చూస్తే రెండు ఎర్ర తీగలు ఒకదాని చోట ఒకటి కూచోనుండాయి.

నిజం చెప్తా. స్క్రూడ్రైవరు చేతిలోనే ఉంది. తీగలు సరిచేసేది రెండు నిమిషాల పని. సరిచేసి, కాయితం అంటుకునేది సెట్టిగారికి చూపించి, ఫ్యాన్లు బాగున్నాయి అని ఒక్క మాట అంటే చాలు. అబద్ధం కూడా చెప్పక్కర్లేదు. మిగతాది సెట్టిగారే అనుకుంటాడు. నా ముప్పై ఏండ్ల పేరు నిలుస్తుంది. ఒక తీగ స్క్రూ సగం దాకా వదులు చేసినా కూడా. తర్వాత ఏమనుకున్నానో, అట్లే వదిలేసి చేతులు కడుక్కున్నా. మంచితనం అనుకోవద్దండి. ధైర్యం చాలలేదు. చెప్పడానికీ చాలలేదు, దాచడానికీ చాలలేదు.

ఇంట్లో అన్నం ముందర కూచుంటే ఖాసింబీ అడిగింది, కలిపింది కలుపుతానే ఉండావు ఏంది అని. చెప్పినా.

"సాయంత్రం ఏసోబు పెండ్లాం వచ్చింది. మామ న్యాయస్తుడు, మాకేం భయం లేదు అత్తా అని చెప్పిపోయింది" అనింది. నా అన్నం తట్ట తీసుకొని లోపలికి పోయింది.

తీర్పు

పొద్దున సెట్టిగారు, ఫ్యాక్టరీ మనుషులు, ఇద్దరు ముగ్గురు లారీ ఓనర్లు వచ్చినారు. ఒకరి ఇంజిన్ పోతే చూడ్డానికి మిగతా ఓనర్లు తప్పకుండా వస్తారు, పెండ్లికైనా రారు. ఏసోబు బండికి దూరంగా నిలబడినాడు. ముఖం చూస్తే రాత్రంతా కూచోనే ఉన్నట్టుండాడు.

సెట్టిగారి చేతిలో ఉన్న పేపరు అడిగి తీసుకున్నా. ఒక పేజీ చించి జాలీకి ఆనించి పట్టుకున్నా.

"అల్లుడా, ఘాటులో ఫ్యాను ఎట్ల పెట్టినావో అట్ల పెట్టు" అన్నా.

అతను ఎక్కి పైకి నొక్కినాడు. పేజీ నా చేతిలో నుంచి లేచి, పోయి సెట్టిగారి కాళ్లకు చుట్టుకుంది.

"అది అంటుకోవాల సెట్టిగారూ. అంటుకోలేదు. ఫ్యాను తిరగబడి తిరుగుతా ఉంది. పైకి పెట్టమని చెప్పింది నేను, తీగలు తప్పు కట్టింది నేను. ముల్లు లేస్తా ఉందని ఈయన వచ్చి చెబితే పొమ్మన్నదీ నేనే. ఏసోబు నా మాట ఒక్కటి కూడా తప్పలేదు. తప్పి ఉంటేనే ఇంజిన్ బతికేది."

సెట్టిగారు కాళ్ల కాడి పేజీ తీసి మడత పెట్టుకున్నాడు. ఒంగోలు పోయుంటే బాగుండేది అన్నాడు. ఆ మాటకు ఈసారి నాకు నిప్పు పడలేదు. బాగుండేదే. తర్వాత ఆయన ఏసోబు వైపు తిరిగి, బండి తయారైనాక తాళం తీసుకో అని మాత్రం అన్నాడు. నిన్న అన్న మాటకు ఏమైనా అంటాడేమోనని చూసినా. అనలేదు. ఫోను తీసి చూసుకుంటా పోయినాడు.

ఇంజిన్ కూలి లేకుండా నేనే చేసిచ్చినా, ఇనుప ఫ్యాను మళ్లా బిగించినా. రెండేండ్ల దాకా నేను ఏ టీ కొట్టు ముందర నిలబడినా, మేస్త్రీ, గాలి ఎటు అని ఎవరో ఒకరు అడిగేవాళ్లు. అడగనియ్యండి, న్యాయమే.

కరెంటు ఫ్యాను చెడ్డదని నేను చెప్పడంలేదు. కారుకు బాగుంటుంది, సాపు రోడ్డున తేలిక బరువుకు బాగుంటుంది. నిండు లోడుతో ఎక్కుడు ఎక్కే పాత లారీకి ఆ రెండు బస్సు ఫ్యాన్ల గాలి చాలదు. నేను తీగలు సరిగా కట్టున్నా ఆ మధ్యాహ్నం బండి కొండ ఎక్కేదని ప్రమాణం చెయ్యలేను. కాబట్టి ఫోన్లో చూసింది మీ కొండ మీద చూసేదాకా నమ్మొద్దు. ఒకే రంగు తీగలు వాడొద్దు. మీ రాత కోడిగీతలైనా సరే, స్విచ్చి కింద రాయండి. తిరుగుతుందా అని కాదు, ఎటు తిరుగుతుందో చూడండి. ఇంకొకరి తప్పు చెప్పమని మిమ్మల్ని పిలిచినప్పుడు ముందు మీరు బిగించిన స్క్రూలు విప్పి చూసుకోండి.

ఆ తీర్పు చెప్పిన పొద్దున, అందరూ పోయినాక ఏసోబు నా కాడికి వచ్చినాడు. కృతజ్ఞత చెబుతాడని, నేను ఒద్దులే అల్లుడా అనాలని సిద్ధంగా ఉండాను.

"నీకు ఎప్పుడు తెలిసింది మామా?" అన్నాడు.

నిన్న సాయంత్రమే అని చెప్పినా.

"నిన్ననే చెప్పుంటే రాత్రి మా ఇంట్లో పొయ్యి వెలిగేది" అన్నాడు. కోపంగా అనలేదు. పోయి బండి కింద దూరి, ఇంజిన్ దించడానికి బోల్టులు వదులు చెయ్యడం మొదలుపెట్టినాడు. నేను ఇంకో పానా తీసుకొని అవతలి పక్క దూరినా. సాయంత్రం దాకా ఇద్దరం ఒకే ఇంజిన్ కింద పండుకొని పని చేసినాం, బోల్టుల సంగతి తప్ప ఏమీ మాట్లాడుకోలేదు.

ఇంక లేవండి, పొద్దుపోయింది. మీ ఇంటి నుంచి పనికి పోయినోళ్లు పోయినట్టే చల్లగా తిరిగి రావాల. వాళ్ల మీద లేనిపోని నింద ఏ పూటా పడకూడదు. మీ ఇంట్లో ఒక్క రాత్రి కూడా అన్నం ముట్టకుండా ఎవరూ పండుకోకూడదు. ఆ దేవుడు మీ బిడ్డలనూ, బిడ్డల బిడ్డలనూ చల్లగా చూడాల.